కనుబొమ్మలో గాటు

"తుడిచెయ్యి," అంది కోడలు గుమ్మంలో నిలబడి.

చంకలో బిందె ఖాళీగానే ఉంది. నీళ్ళకని వెళ్ళి, నీళ్ళు పట్టకుండానే వచ్చేశానన్న సంగతి ఆమెకి ఇంకా తట్టినట్టు లేదు.

ఆడపడుచు వంటింటి గడప మీద కూర్చుని జిగురు గిన్నె కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఏం తుడవాలి వదినా?"

"గోడ మీద మీ అమ్మని వేశానన్నావే, ఆ ముఖం."

"అమ్మని తుడిచెయ్యమంటావా?"

"మీ అమ్మకి ఎడమ కనుబొమ్మలో గాటుందా?"

గిన్నెలో తిరుగుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఆ గాటు కోడలిది. చిన్నప్పుడు మంచం కోడు తగిలి తెగింది. అక్కడ వెంట్రుక మళ్ళీ మొలవలేదు. కిందటేడు పోయిన అత్తకి అలాంటి మచ్చ ఒక్కటీ లేదు. ఆవిడ కనుబొమ్మలు ఆఖరి రోజు వరకూ గీసినట్టే ఉన్నాయి. చెడిపోయింది ఊపిరితిత్తులు.

ఇంటికి ఎదురుగానే గోడ. పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ ప్రహరీ అది, వీధి పొడుగునా ఉంది. దాని వెనక గొట్టం. గొట్టంలోంచి రాలే మసికి ఆ వీధిలో ఎవరూ బట్టలు బయట ఆరేయరు, కిటికీలు తెరవరు. తెరవకపోయినా మసి వస్తుంది. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయిన ఆడవాళ్ళు, దగ్గి దగ్గి పోయిన తమవాళ్ళ ముఖాలు ఆ గోడ మీదే వేయాలని పంతం పట్టారు. రంగు కొనలేదు. ఎవరి కిటికీ మీద పడిన మసి వాళ్ళు డబ్బాలోకి ఊడ్చి ఇచ్చారు. ఏ ఇంటి మనిషికి ఆ ఇంటి మసి.

"రోజూ వాళ్ళే ఇంటికొచ్చి పోసి పోతుంటే మనం కొనుక్కోవడమేంటి," అంది పక్కింటి టైలరమ్మ. "వాళ్ళ సొమ్ము వాళ్ళ గోడకే పుయ్యండి."

లారీల వెనక పువ్వులు, దుకాణాల మీద పేర్లు రాసే ఆడపడుచు ఆ మసిని గుడ్డలో జల్లించి, జిగురు కలిపి, ఒక్కొక్క ముఖమే వేసుకుంటూ వచ్చింది. అందరివీ మూసిన కళ్ళే. తెరిచి వేస్తే ఆ దారిన నడవలేమన్నారు వీధివాళ్ళు. నిన్న సాయంత్రం ఆఖరున తన తల్లిని వేసి కుంచె కడిగేసుకుంది.

ఇవాళ పొద్దున్న కుళాయి దగ్గర బిందెలన్నీ పక్కకి జరిగాయి. కోడలికి ఎప్పుడూ ఎవరూ అలా దారి ఇవ్వలేదు. టైలరమ్మ అత్త, చూపు సరిగా ఆనని ముసలమ్మ, గోడకేసి చూసి, ఈమెకేసి చూసి, చెయ్యి పట్టుకుని అడిగింది.

"నువ్వెప్పుడు పోయావే తల్లీ? నాకెవరూ చెప్పనేలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కోడలు గోడకేసి చూసింది అప్పుడే.

"నవ్వులాటనుకున్నావా?" అంది ఇప్పుడు ఆడపడుచుతో. "బతికున్నదాన్ని తీసుకెళ్ళి చచ్చినవాళ్ళ వరసలో నిలబెడతావా? నీకు నేనేం అపకారం చేశాను?"

"అమ్మనే వేశాను వదినా. ఒట్టు."

"మరి ఇదేంటి?" కోడలు కనుబొమ్మ మీద వేలు పెట్టుకుంది.

ఆడపడుచు గిన్నె పక్కన పెట్టింది. చేతులు తడిగానే ఉన్నాయి, వేళ్ళ సందుల్లో నలుపు పోలేదు.

"అమ్మ ముఖం గుర్తు తెచ్చుకుంటూనే మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది, తెరిస్తే పోతోంది. ఇంట్లోంచి దగ్గు వినబడుతోంది. అమ్మ దగ్గే. ముందు రెండు చిన్నవి, తర్వాత ఆ పొడుగుది. దాన్ని వింటూ వేశాను. చెయ్యి దానంతటదే పోయింది."

"దగ్గింది నేను."

"తెలుసు."

"తెలిసి..."

"ఇప్పుడు తెలుసు వదినా. అప్పుడు తెలీలేదు."

కోడలికి ఏదో అనాలని నోటిదాకా వచ్చింది. దాని బదులు దగ్గు వచ్చింది. ముందు రెండు చిన్నవి. తర్వాత పొడుగుది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఒరిగింది.

ఆడపడుచు ఆ చప్పుడు వింటూ నేల చూపులు చూసింది.

ముందుగదిలో మామ కదిలిన అలికిడైంది. ఫ్యాక్టరీ బట్టీ దగ్గర ఏళ్ళ తరబడి పని చేసి మానేసిన మనిషి. మాటలు పొదుపు. ఇంట్లో ఏం జరిగినా కుర్చీలోంచి లేవడు, ఎవరైనా దగ్గితే తప్ప. గ్లాసులో వేడినీళ్ళు పోసుకుని, తొణక్కుండా పట్టుకుని నడిచి, కిటికీ గట్టు మీద పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. వానలప్పుడు కోడలికి దగ్గు పట్టుకున్న దగ్గర్నుంచీ ఇదే వరస. ఆ గ్లాసు ఆమె వెళ్ళి తాగుతుంది. మామయ్య మనసు మంచిదని టైలరమ్మతో చెప్పుకుంది కూడా.

"సాయంత్రంలోపు అది గోడ మీద ఉండకూడదు," అంది కోడలు.

"సరే, కనుబొమ్మ సరిచేస్తాను. గాటు పూడ్చేస్తే..."

"కనుబొమ్మ ఒక్కటేనా? ఆ మెడ నాది. ఆ కొంగు పట్టుకోవడం నాది. పూర్తిగా తుడిచెయ్యి."

"తుడిస్తే అమ్మకి చోటుండదు."

"ఉంటే నాకుండదు."

వీధిలో చక్రాల బండి ఏదో కీచుకీచుమంటూ పోయింది.

అప్పుడే వీధి తలుపు తోసుకుని పెనిమిటి వచ్చాడు. మామ చేసిన బట్టీ పనే ఇప్పుడు అతను చేస్తున్నాడు. కనురెప్పల అంచుల్లో నలుపు కాటుక పెట్టినట్టు ఉంటుంది, ఎంత కడిగినా పోదు. కుడి చేతిలో మూతపెట్టిన బకెట్టు. చంకలో పొడుగు కర్ర కుంచె.

బకెట్టు గది మధ్యలో దించాడు. మూత పక్కకి జరిగి సున్నం వాసన కొట్టింది.

"ఏంటిది?" అంది చెల్లెలు.

"నువ్వు చేసిన పనికి నాకిచ్చిన బహుమానం."

"ఎవరిచ్చారు?"

"సూపర్‌వైజరు. రేపు పైనుంచి తనిఖీకి వస్తున్నారట. వాళ్ళు వచ్చేసరికి గోడ తెల్లగా ఉండాలట. ఎవరి చెల్లెలు వేసిందో వాడే పుయ్యాలట." అతను చెప్పులు విడిచాడు. "పుయ్యకపోతే రేపట్నుంచి రానక్కర్లేదట."

"తనిఖీవాళ్ళు చూడాలనే కదన్నయ్యా వేసింది."

"అది నాకు చెప్పు. నీ కడుపు లారీలు నింపుతాయి. నా కడుపు ఆ గొట్టం నింపుతోంది."

"అమ్మ కడుపు కూడా అదే నింపింది."

అతను చెల్లెలి మీదికి ఒక అడుగు వేశాడు. చెయ్యి లేవలేదు. మామ కుర్చీ కిర్రుమంది. అంతే.

"అమ్మ పేరెత్తకు," అన్నాడు నెమ్మదిగా. "అమ్మని తీసుకెళ్ళి వీధిలో పెట్టావు. రోజూ ఆ గేటులోకి అమ్మ ముందునుంచి వెళ్ళాలి నేను. నిన్న రాత్రి పనికి పోతూ తల తిప్పుకుని పోయాను. దొంగలాగా."

"చూడలేదా అయితే?" అంది కోడలు.

"ఏం చూడాలి?"

ఆమె చెప్పబోయింది. ఆడపడుచు కళ్ళతోనే వద్దంది. ఎందుకు వద్దందో కోడలికి అర్థం కాలేదు గాని మాట మింగేసింది.

"పొద్దున్నించీ తుడిచెయ్యమని పోరుతున్నావుట," అన్నాడు పెనిమిటి ఆమెతో. "టైలరమ్మ అడ్డం వచ్చి చెప్పింది, నీ పెళ్ళామే మీ ఫ్యాక్టరీవాళ్ళకి తోడు దొరికిందని. సంతోషమేగా. అన్నీ కలిపి తుడిచేస్తాను. కాసేపు నడుం వాల్చి లేస్తాను. ఎండ తగ్గాక లేపు."

లోపలికి పోయి మంచం మీద పడ్డాడు. పడిన క్షణంలోనే ఊపిరి బరువెక్కింది.

తుడిచెయ్యమన్నది తనే. ఫ్యాక్టరీ కూడా అదే అంటోంది. ఇద్దరి మాటా ఒకటే అయ్యేసరికి కోడలికి నోట్లో చేదు తగిలింది.

ఆడపడుచు చెప్పులేసుకుని బయటికి పోయింది. గోడ దగ్గర ఆడవాళ్ళు అప్పటికే పోగవుతున్నారు. వాళ్ళ గొంతులు కిటికీ అద్దానికి తగిలి మెత్తగా వినబడుతున్నాయి. కోడలు పొయ్యి ముట్టించింది. ఏదో ఒకటి వండాలి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

దగ్గు మళ్ళీ వచ్చింది. ఆపుకోవాలని చూసింది. ఆగలేదు.

లోపలి గదిలో మంచం కదిలింది.

"నీళ్ళు తాగమ్మా," అన్నాడు పెనిమిటి నిద్రలో.

కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నీళ్ళు తాగు. మందేసుకున్నావా?" మెత్తటి గొంతు. ఆ గొంతుతో అతను తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. "లేస్తానుండు."

లేవలేదు. ఊపిరి మళ్ళీ బరువెక్కింది.

ముందుగదిలో మామ లేచాడు. గ్లాసు చప్పుడు. కాళ్ళు ఈడ్చే చప్పుడు. కోడలు వంటింటి గుమ్మం దాకా వచ్చి చూసింది. రోజూ వినడమే గాని నిలబడి చూసింది లేదు.

ఆయన గ్లాసు తీసుకుని వంటింటి వైపు రాలేదు. ఎదుటి మూలకి నడిచాడు. అక్కడ అత్త మంచం ఉండేది. మంచం తీసేసి ఏడాదైంది. దాని కోళ్ళు ఆనిన గుర్తులు నేల మీద ఇంకా ఉన్నాయి. ఆ గుర్తుల్ని తొక్కకుండా పక్కనించి వెళ్ళి, పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందేలా, కిటికీ గట్టు చివరన గ్లాసు పెట్టాడు.

ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు వెళ్ళి తాగింది తనే. ఇంతమంది ఉన్న ఇంట్లో, ఇంత దగ్గు దగ్గుతుంటే, డాక్టరు దగ్గరికి పోదామని ఒక్కరూ ఎందుకనలేదో ఆమెకి ఇప్పుడు తెలిసింది. పోయిన మనిషికి డాక్టరెందుకు.

"మామయ్యా," అంది.

ఆయన తిరిగి చూశాడు.

"ఆ నీళ్ళు ఎవరికి పెట్టారు?"

ఆయన గ్లాసుకేసి చూశాడు. అది అక్కడికెలా వచ్చిందో తనకీ తెలీనట్టు.

"దగ్గింది," అన్నాడు.

"ఎవరు?"

మామ నోరు తెరిచాడు. నేల మీది కోళ్ళ గుర్తుల్ని చూశాడు, కోడల్ని చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

కోడలు వెళ్ళి గ్లాసు తీసుకుంది. తాగలేదు. కిటికీ గట్టు మీదే నీళ్ళు వంపేసింది. గట్టు మీద పేరుకున్న నలుపంతా చారలై కారింది. ఖాళీ గ్లాసుతో గది మధ్యలో ఉన్న బకెట్టు దగ్గరికి వచ్చి, మూత తీసి, నిండా సున్నం ముంచుకుంది.

మామ చూస్తున్నాడు. వద్దనలేదు.

గోడ దగ్గర టైలరమ్మ స్టూలు వేసుకుని, పోయిన మొగుడి ముఖం కింద వీపు ఆనించి కూర్చుంది. ఒళ్ళో కాజాలు కుట్టాల్సిన చొక్కా.

"రావమ్మా రా," అంది కోడల్ని చూసి. "మీ ఆయన లేచాడా? మా ఆయన మాత్రం ఇక్కడే పడుకున్నాడు. బతికున్నన్నాళ్ళూ ఇంత కుదురుగా ఒక్కచోట ఉన్న పాపాన పోలేదు. ఇప్పుడు కుదిరాడంటే మీవాళ్ళు చెరిపేస్తారట."

ఎవరూ నవ్వలేదు. కోడలు ఆగకుండా వరస చివరికి పోయింది. ఆడపడుచు ఆ ముఖం ముందు నేల మీద చతికిలబడి ఉంది, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని.

దగ్గరనుంచి చూస్తే ఇంకా ఘోరంగా ఉంది. తమ ఇంటి మసే. తను ఊడ్చి డబ్బాలో పోసిన మసే. దానితో తన చెంపలు, తన మెడ, నోటికి అడ్డం పెట్టుకున్న తన కొంగు. మూసిన రెప్పలు. పోయాక ఎలా ఉంటుందో ఎవరూ చూసుకోలేరు. తను చూసుకుంటోంది. చక్కగానే వేసింది పిల్ల.

"కుంచె తియ్యి," అంది.

"తుడవను వదినా. అన్నయ్య ఎలాగూ..."

"తుడవద్దు. కళ్ళు తెరువు."

ఆడపడుచు తల ఎత్తింది.

"పోయినవాళ్ళ గోడ ఇది."

"నేను పోలేదుగా."

"వదినా, మాట విను. పొద్దున్నే తుడిచెయ్యమన్నావు."

"పొద్దున్న వేరు." ఆమె సున్నం గ్లాసు ఆడపడుచు చేతిలో పెట్టింది. "పోయినవాళ్ళని చూస్తే ఎవరికైనా జాలే. రేపొచ్చేవాళ్ళు కూడా జాలిపడి, కారెక్కి పోతారు. వాళ్ళకే కాదు, మనింట్లోవాళ్ళకీ చెబుతున్నాను. నేనింకా ఉన్నాను. నా దగ్గు నాది."

ఆడపడుచు గ్లాసులోకి చూసింది. అన్న బకెట్టులో సున్నమని పోల్చుకుంది.

"మరి అమ్మ?"

"మీ అమ్మని ఎక్కడ వెతుక్కుంటావో నీ ఇష్టం. ఇది నా ముఖం."

మాట గట్టిగానే తగిలింది. ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది, చెంప మీద నల్లటి చార పడింది. లేచింది. సన్న కుంచె సున్నంలో ముంచి, గ్లాసు అంచుకి రాసి, రెప్ప మీద ఆనించింది. తీసేసింది. మళ్ళీ ఆనించింది.

టైలరమ్మ స్టూలు వదిలేసి వచ్చి నిలబడింది. తక్కినవాళ్ళూ వచ్చారు. తెల్లటి బాదం పలుకులా ఒక కన్ను, ఆ పక్కన గాటు కింద రెండోది. మధ్యలో మసి చుక్కలు పడగానే ముందు వరసలో నిలబడ్డావిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

గోడ పొడుగునా అందరూ నిద్రపోతున్నారు. ఒక్కతే చూస్తోంది.

"ఈ దారిన ఇంక నడవలేం," అంది టైలరమ్మ.

"నడవకండి," అంది కోడలు. "నిలబడండి."

ఎండ తగ్గింది. ఎవరూ లేపకుండానే లేచినట్టున్నాడు, పెనిమిటి బకెట్టు మోసుకుంటూ వీధి దాటి వచ్చాడు. గేటు దగ్గర సూపర్‌వైజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి, ఆడవాళ్ళని చూడకుండా, పెనిమిటి గేటు వైపు నుంచి మొదలుపెట్టాడు. అక్కడ ముఖాలు లేవు, ఉత్త గోడ. కర్ర కుంచె పైకీ కిందికీ పోతుంటే తెలుపు జరుగుతూ వస్తోంది.

టైలరమ్మ మళ్ళీ వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

"పుయ్యి నాయనా. నా నెత్తిన కూడా పుయ్యి. తెల్లబడడానికి ఇంకెన్నో వెంట్రుకలు లేవులే."

అతను ఆవిడ దగ్గర ఆగాడు. బకెట్టు ఎత్తి, ఆవిడనీ ఆవిడ మొగుడినీ దాటి, వరస ఆ చివరికి పోయాడు. ముందు సొంత మనిషిని చెరిపేస్తే తక్కినవి చెరపడం తేలికనుకున్నాడో ఏమో. తల వంచుకునే కుంచె సున్నంలో ముంచాడు. తల వంచుకునే ఎత్తాడు.

అప్పుడు చూశాడు.

ఇంటి గుమ్మంలోకి మామ వచ్చి నిలబడ్డాడు. ఏడాదిగా ఆ మనిషి వీధి ముఖం చూడలేదు.

కుంచె గాలిలోనే ఉండిపోయింది. సున్నం బొట్లు అతని పాదాల మీద పడుతున్నాయి. "కానీ, చీకటి పడుతోంది," అన్నాడు సూపర్‌వైజరు గేటు దగ్గర్నుంచి. అతను వినలేదు. కళ్ళనీ, కనుబొమ్మనీ, మళ్ళీ కళ్ళనీ చూస్తున్నాడు.

కోడలు అతని వెనకే ఉంది. చెయ్యి చాపితే భుజం అందేంత దగ్గర. దగ్గు పైకి వస్తోంది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ముందు రెండు చిన్నవి. తర్వాత పొడుగుది, వీధంతా వినబడేలా.

అతను వెనక్కి తిరగలేదు. గోడకేసే చూస్తూ అన్నాడు.

"నీళ్ళు తాగు."

తర్వాత రాబోయే మాట కోసం ఆమె ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. అమ్మా అంటాడా. తన పేరు పెట్టి పిలుస్తాడా.

కుంచె నుంచి సున్నం కారుతూనే ఉంది.